అంతరిక్ష నౌకలో నల్లగొండ నుంచి పాలమూరుకు

పోయిన ఫిబ్రవరిలో ఏడు రోజుల్లో నేను ముప్ఫై ఒక్కసారి భూమిని విడిచి వెళ్లాను. ముప్ఫై ఒక్కసారీ క్షేమంగా తిరిగి వచ్చాను. మొత్తం మీద చేరిన దూరం మాత్రం నల్లగొండ నుంచి పాలమూరు దాకానే. అటువైపు వెళ్లని వారి కోసం, ముఖ్యంగా అంతరిక్ష నౌకలో వెళ్లని వారి కోసం ఇది రాస్తున్నాను.

సంగతి ఏమిటంటే, ఈ ఎనభై ఆరులో డెబ్బై ఆరేళ్లకోసారి వచ్చే తోకచుక్క వచ్చింది. జనం భయపడుతున్నారని మా సైన్సు సంఘానికి తెలిసింది. నిజానికి ఫిబ్రవరిలో అది ఎవరికీ కనబడలేదు, సూర్యుడి వెనకాల ఉంది. కనబడని దానికి భయపడటం ఇంకా సులువు. ఆ భయం పోగొట్టడానికి సంఘం వారు ఒక పాత లారీకి రేకులతో గది కట్టించి, వెండి రంగు వేయించి, దాన్ని అంతరిక్ష నౌక అన్నారు. లోపల మూతబడ్డ టాకీసు నుంచి తెచ్చిన పన్నెండు కుర్చీలు, చుట్టూ నల్లగుడ్డ, గుడ్డకు రంధ్రాలు, రంధ్రాల వెనక చిన్న బల్బులు. తలుపు మూస్తే పట్టపగలే నక్షత్రాలు. డ్రైవరు ఇంజను స్టార్టు చేస్తే కుర్చీలు గడగడ వణుకుతాయి. దీనికోసం మేం ప్రత్యేకంగా పడ్డ శ్రమ ఏమీ లేదు, లారీ పాతది. బోర్డులు రాసే పెయింటరు ముందు భాగాన ‘ధ్రువ’ అని చక్కగా రాశాడు. అలవాటు కొద్దీ వెనక ‘హారన్ కొట్టండి’ అని కూడా రాశాడు.

నౌకకు సిబ్బంది ముగ్గురం. నేను నల్లగొండలో హైస్కూలు సైన్సు టీచరుని, దేనికీ భయపడడని పేరున్నవాణ్ణి. గ్రహణం పట్టిన రోజు బడి మెట్ల మీద కూర్చుని అందరి ముందూ ఉప్మా తిన్నాను. డ్రైవరు ఏసురత్నం, యాభై దాటిన మనిషి, ఆదివారం చర్చి తప్పడు. అయినా బయలుదేరిన రోజే బండి ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. నీకు కూడా ఇవేనా అంటే, “నాకు లేదు సారు నమ్మకం. బండికున్నది” అన్నాడు. నేను విప్పి పారేశాను. మూడోవాడు జహంగీర్, పాతికేళ్లవాడు, పాలమూరు జిల్లా మనిషి, నల్లగొండలో రేడియోలు బాగుచేస్తాడు. టేపు, బల్బులు అతని పని. తెల్లగుడ్డతో కుట్టించిన సూటు, తెల్లరంగు వేసిన మోటారు సైకిలు టోపీ తొడుక్కుని వ్యోమగామిగా తలుపు దగ్గర నిలబడటం కూడా అతని పనే. కుట్టిన దర్జీ ఆ సూటుకు పెన్ను పెట్టుకునే జేబు కూడా వేశాడు.

కట్టంగూర్

మొదటి ఆట కట్టంగూర్ బడి ఆవరణలో. పన్నెండు మందిని కూర్చోబెట్టి తలుపు మూశాం. టేపులో గొంతు నాదే. మా బడి ప్రయోగశాలలో మూడు రోజులు సాధన చేసి చదివాను. “మిత్రులారా! మనం ఇప్పుడు భూమిని విడిచి పోతున్నాం.” ఆ వాక్యం మీద నాకు కాస్త మమకారం.

వాక్యం పూర్తయిందో లేదో, చీకట్లో ఒక అవ్వ లేచి నిలబడింది.

“పోతున్నం అనొద్దు బిడ్డా. పోయొస్తం అనాలె.”

మాట్లాడుతున్నది టేపు, దానికి చెప్పినా వినదు అన్నాను. అయితే తనను దించమంది. భూమిని విడిచిపోయేటంత తొందర తనకు లేదంది. మిగతా పదకొండు మందికీ లేదని తేలింది. మొదటి ప్రయాణం నేల మీదనే ముగిసింది.

మన వైపు గడప దాటేవాళ్లు ‘పోతున్న’ అనరని మీకు నేను చెప్పక్కరలేదు. పోయినవాళ్లంటే ఎవరో అందరికీ తెలుసు కాబట్టి ‘పోయొస్త’ అంటారు. నేను మాత్రం పదహారేళ్లుగా మా ఇంట్లో ‘పోతున్న’ అనే చెప్పి బడికి వెళ్తున్నాను. మా ఆవిడ ప్రతిరోజూ వెనక నుంచి ‘పోయొస్త అను’ అంటుంది. నేను వినబడనట్టు వెళ్తాను, సాయంత్రానికి తిరిగి వస్తాను. పదహారేళ్ల ప్రయోగం కన్నా పెద్ద రుజువు ఏముంటుంది? అందుకని టేపు మార్చేది లేదని అక్కడే ప్రకటించాను.

కట్టంగూర్ ఏసురత్నం సొంత ఊరు. వాళ్లింట్లో జొన్నరొట్టె, కోడికూర పెట్టారు. మా ఇంట్లో కారం ఎక్కువనుకునేవాణ్ణి. ఆ అపోహ పోయింది.

మేళ్లచెరువు

ఇక్కడ అంతా సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము. చెట్టు ఆకులు, ఇళ్ల కప్పులు, కుక్కలు అన్నీ ఒకే రంగులో ఉంటాయి. హోటల్లో చాయ్ అరవై పైసలు, దుమ్ము విడిగా లెక్కకట్టరు. మా వెండి నౌక కూడా ఒక్క పూటలో ఊరి రంగులోకి వచ్చేసింది. షిఫ్టు దిగి వచ్చిన ఒక కార్మికుడు చంద్రుడి మీద నేల ఎట్లా ఉంటుందని అడిగాడు. బూడిదరంగు దుమ్ము, ఒక్క చెట్టు ఉండదు అన్నాను. అయితే చూడక్కర్లేదని వెళ్లిపోయాడు.

ఇక్కడే జహంగీర్ తడబడటం మొదలుపెట్టాడు. ఒక ఆటలో సూర్యుడి బల్బు ఆరక ముందే నక్షత్రాలు వెలిగించాడు. ఇంకొక ఆటలో మేం బయలుదేరక ముందే ‘క్షేమంగా దిగాం’ అని టేపు ప్రకటించింది. జనం చప్పట్లు కొట్టి దిగిపోయారు. ఆట అయ్యాక లోపల ఊడ్చి రమ్మంటే, ఏసురత్నాన్ని తోడు రమ్మని అడిగాడు. పన్నెండు కుర్చీల గది ఊడవడానికి ఇద్దరెందుకని నేను కసురుకున్నాను.

హాలియా

సాగర్ కాలువ నీళ్లు పారే ఊరు కాబట్టి ఇక్కడ అన్నం తెల్లగా, సన్నగా, అడగకుండా రెండోసారి వడ్డించేటంత ఉంటుంది. మార్కెట్టు పక్క హోటల్లో చేపల పులుసు బాగుంది. జహంగీర్ ముట్టలేదు. తిన్న తర్వాత జర మాట్లాడాలి సార్ అని నన్ను కాలువ గట్టు మీదికి తీసుకుపోయాడు. సూటు విప్పలేదు, టోపీ మాత్రం ఒళ్లో పెట్టుకున్నాడు.

పారే నీళ్లను చేత్తో చూపించాడు.

“గిట్లాంటి కాల్వలు మా ఊరోళ్లే తవ్వుతరు సార్, అన్ని జాగాల. మా ఊళ్లె తప్ప.”

తర్వాత అసలు సంగతి చెప్పాడు. అతనికి ఒక అన్న, పేరు ఖాజా. తల్లీ తండ్రీ లేరు, అన్నే పెంచాడు. పద్నాలుగు నెలల కింద, ఊళ్లో సగం మందితో పాటు అన్న కూడా మేస్త్రీ వెంట మట్టిపనికి బయలుదేరాడు. గుజరాత్ దిక్కు ఏదో డ్యాము. తమ్ముణ్ణీ రమ్మన్నాడు. జహంగీర్ రానన్నాడు, తాను రేడియో పని నేర్చుకుంటానన్నాడు. మాట మీద మాట పెరిగింది. చివరికి అన్న మూట భుజానికెత్తుకుని, “నువ్వు రాకుంటె రాకు. నేను పోతున్న” అన్నాడు.

“మా ఇంట్ల ఎవ్వలు గట్ల అనరు సార్. తురక మాటల గూడ ‘జాకె ఆతుం’, పోయొస్త అనే అంటరు గని ఒట్టిగ పోతున్న అనరు. నేను ఆపి, పోయొస్త అను భాయ్ అని అననీకె ఎంతసేపు? దర్వాజ మూసుకున్న. లోపట పండుకున్న.”

మరునాడు అతను కూడా నల్లగొండకు వచ్చేశాడు. మళ్లీ ఇంటికి వెళ్లలేదు. అన్న దగ్గర నుంచి ఉత్తరం ముక్క లేదు. పోయిన వానలకు మిగతావాళ్లు కొందరు తిరిగి వచ్చారు గాని ఖాజా రాలేదు.

ఇదంతా నాకెందుకు చెబుతున్నాడో అప్పటికీ అర్థం కాలేదు. అప్పుడు గొంతు తగ్గించాడు.

“మూడు రోజుల సంది ఇనవడుతున్నది సార్. అందరు దిగినంక ఊడ్వ పోతె, ఎన్కకెల్లి. పోతున్న, అని. గంతే. మా అన్న గొంతే.”

నేను నవ్వాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కాని నవ్వాను. టేపులో నేను అంటున్న మాటే కదా అది, రోజంతా విని విని నీ చెవుల్లో నిలిచిపోయింది అన్నాను. టేపు బందున్నప్పుడే వినబడుతోందన్నాడు. బ్యాటరీ వైరు పీకేశాక కూడా వినబడిందన్నాడు. టేపులోది ‘పోతున్నాం’, తనకు వినబడేది ‘పోతున్న’ అన్నాడు. ఎండకు కాగిన రేకులు చల్లబడేటప్పుడు రకరకాల చప్పుళ్లు చేస్తాయని అరగంట వివరించాను. అతను మర్యాదగా “ఔ సార్” అంటూ విన్నాడు.

తర్వాత ఒక కోరిక అడిగాడు. మా చివరి మజిలీ వాళ్ల ఊరే. బయలుదేరే ముందు తనే బతిమాలి ఆ ఊరు పెట్టించుకున్నాడు, వ్యోమగామి వేషంలో ఇంటి ముందు దిగితే వదినె ముందు తల ఎత్తుకోవచ్చని. ఇప్పుడు దేవరకొండలో దిగిపోతానంటున్నాడు.

“ఇంటికి పోతె ఎవలన్న చెప్తరేమో సార్. పోకుంటె చెప్పరు గద.”

అన్న బతికి లేడన్న కబురు తన కోసం ఆ గడపలో కాచుకుని ఉందని అతని భయం. ఆ భయానికి నా దగ్గర రేకుల సంగతి తప్ప ఏమీ లేదు.

దేవరకొండ

హాలియా పచ్చదనం వెనకబడి, బండరాళ్లు, తుమ్మచెట్లు మొదలయ్యాయి. అన్నం పోయి జొన్నరొట్టె వచ్చింది, పక్కన పచ్చిపులుసు. ఈ రెండూ కలిపి తినేటప్పుడు కోట ఉన్న ఊళ్లో కోట చూడలేదన్న బాధ ఉండదు. మేం చూడలేదు.

జహంగీర్‌ను దిగిపోనివ్వలేదు. శాస్త్రీయంగా రుజువు చేస్తానన్నాను. మధ్యాహ్నం ఆట అయ్యాక టేపు రికార్డరు, బ్యాటరీ రెండూ కిందికి దించి ఏసురత్నం కాళ్ల దగ్గర పెట్టించాను. జహంగీర్‌ను ఇరవై గజాల దూరంలో నిలబెట్టాను. నేను ఒక్కణ్ణే లోపలికి వెళ్లి, చెప్పులు విడిచి, తలుపు మూసుకుని మూడో కుర్చీలో కూర్చున్నాను. పది నిమిషాలని గడువు. నా గడియారం ముళ్లు చీకట్లో మెరుస్తాయి.

ఆరో నిమిషంలో నా వెనక కుర్చీ దగ్గర ఎవరో “పోతున్న” అన్నారు.

మగ గొంతు. కోపంగా లేదు, అలసటగా ఉంది. నా గొంతు కాదు. రేకుల చప్పుడు నాకు తెలుసు, అది కాదు. బయటి నుంచి వచ్చింది కూడా కాదు. అది ఏమిటని మీరడిగితే నాకు తెలియదు. అప్పుడూ తెలియదు, ఇది రాస్తున్న ఈ మే నెలలోనూ తెలియదు. నాకు భయమేసింది. నలభై రెండేళ్ల వయసులో ఈ మాట మొదటిసారి రాస్తున్నాను.

తలుపు తీసుకుని దిగి, జహంగీర్ దగ్గరికి వెళ్లి, ఏమీ వినబడలేదని చెప్పాను. అతను నా ముఖం చూసి, తర్వాత నా కాళ్లు చూశాడు. చెప్పులు లోపలే మరిచిపోయాను. ఏసురత్నం వెళ్లి తెచ్చి ముందు పెట్టాడు. ఆ సాయంత్రం బండి ముందు రెండు నిమ్మకాయలు వేలాడాయి. నేను విప్పలేదు.

కల్వకుర్తి

ఉడకబెట్టిన పల్లికాయ ఇక్కడ తిన్నంత రుచిగా నేనెక్కడా తినలేదు. బస్టాండు ముందు ఒకామె గంపతో కూర్చుని అమ్ముతోంది. తోకచుక్క గురించి ఆమె అభిప్రాయం అడిగాను. పోయిన మూడేళ్లు ఏ చుక్కా లేకుండానే వానలు పడలేదని, ఈ చుక్క వచ్చి కొత్తగా చేసేదేమీ లేదని అంది. మా సంఘం వాళ్లు ఇంత ఖర్చు పెట్టి చెబుతున్నది కూడా దాదాపు అదే.

పొద్దున బడి వరండాలో కూర్చుని టేపు మళ్లీ రికార్డు చేశాను. ఎండకు పాత టేపు సాగిందని చెప్పాను. జహంగీర్ బటన్ నొక్కాడు, నేను చదివాను. “మిత్రులారా! మనం భూమి దాటి చంద్రుడి దాకా పోయొస్తాం.” చదివేటప్పుడు ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆ రోజు మొదటి ఆటలో ఆ మాట రాగానే, చీకట్లో కూర్చున్న ముసలివాళ్లు ఒకేసారి, “పోయి రాన్రి” అన్నారు. వాళ్లు కూడా మాతోనే వస్తున్నారన్న సంగతి మరిచిపోయారు. ఆ రోజు ఐదు ఆటల్లోనూ అదే జరిగింది. ఒక్కరూ మధ్యలో దిగలేదు.

ఆట అయ్యాక జహంగీర్ ఒక్కడే వెళ్లి ఊడ్చి వచ్చాడు. ఏమైందన్నాను.

“ఇయ్యాల ఇనవడలే సార్.”

మంచిదే కదా అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

“ఇన్ని దినాలు పోతున్న, పోతున్న అన్నడు. ఇయ్యాల అంటలేడు. పోయిండేమో సార్.”



జడ్చర్ల దాటాక

ఊరి పేరు రాయవద్దని జహంగీర్ అన్నాడు. ఈ ఊళ్లో మూడిళ్లకొకటి తాళం వేసి ఉంది. కొన్నింటికి తాళం కూడా లేదు, గడపకు అడ్డంగా తుమ్మకంప పెట్టి ఉంది. మనుషులు పనికి పోయారని దానికి అర్థం. మా వైపు ఇల్లు విడిచి రెండు రోజులు వెళ్లాలంటే పక్కింటివాళ్లకు పది జాగ్రత్తలు చెబుతాం. ఇక్కడ పక్కింటివాళ్లు కూడా లేరు. ఆటకు వచ్చినవాళ్లంతా ముసలివాళ్లు, పిల్లలు. చంద్రుడి మీద మనుషులు లేరని చెబితే ఒక తాత, ఏ మేస్త్రీ వెంట పోయారని అడిగాడు. అతను నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

ఆట ముగిశాక జహంగీర్ బండి నీడలో కూర్చుండిపోయాడు. రెండు వీధుల అవతల ఇల్లు. నేను వెంట వస్తానన్నాక లేచాడు. సూటు విప్పుకుంటాడనుకున్నాను, విప్పలేదు. బహుశా గుర్తు లేదు.

వదినె పేరు రజియా. గడపలో చేట ముందు పెట్టుకుని పల్లికాయ ఒలుస్తోంది. తెల్లసూటులో వచ్చి నిలబడ్డ మరిదిని కింది నుంచి పైదాకా చూసి, కూర్చోమంది. నాకు మంచం వాల్చింది. జహంగీర్ కూర్చోలేదు. కబురు ఏమైనా ఉందా అని అడుగుతాడని నేను ఎదురుచూస్తున్నాను. అతను అది అడగలేదు.

“భాభీ, భాయ్ పోయేటప్పుడు పోతున్న అన్నడు. నేను ఆపలే. దర్వాజ మూసిన.”

పద్నాలుగు నెలలు ఎవరితోనూ అనని మాట అంతా ఒక్క ఊపిరిలో అనేశాడు. రజియా ఒలవడం ఆపలేదు.

“మూసినవని చెప్పిండు.”

“ఎవలు?”

“మీ అన్న. గా మూల మలుపు దాంక పోయి మర్లి వచ్చిండు. నేను గీడ్నే ఉన్న. వాడు కోపం మీదున్నడు, లేపకు, పోయొస్త అన్ననని చెప్పు, అన్నడు.”

నాకెందుకు చెప్పలేదు భాభీ అన్నాడు జహంగీర్.

“తెల్లారి లేషి చూస్తె నువ్వు లేవు. నువ్వైతె ఏ మాటా చెప్పలే.”

అతను గోడకు ఆనుకుని అట్లాగే నేల మీదికి జారి కూర్చున్నాడు. టోపీలో ముఖం పెట్టుకున్నాడు. రజియా చేట అతని ముందుకు జరిపింది. అతను కళ్లు తుడుచుకుని పల్లికాయ ఒలవడం మొదలుపెట్టాడు. నేనూ రెండు కాయలు తీసుకున్నాను.

ఉత్తరాలు వస్తున్నాయా అని చివరికి నేనే అడిగాను. రాలేదంది. పోయిన వానలకు పని తెగలేదని, మేస్త్రీ విడిచిపెట్టలేదని వచ్చినవాళ్లు చెప్పారంది.

“గీ వానలకు వస్తడు. చెప్పి పోయిండు గద సార్.”

ఆమె ఆ మాట చెప్పిన తీరు చూసి నేను రుజువు అడగలేకపోయాను. నౌకలో నేను విన్నది ఆమెకు చెప్పలేదు. జహంగీర్‌కూ చెప్పలేదు. వానలు పడ్డాక చెబుదామనుకున్నాను. ఇంకా పడలేదు.

తిరుగు దారి

జహంగీర్ అక్కడే ఆగిపోయాడు. వానల దాకా ఊళ్లోనే ఉండి రేడియోలు బాగుచేస్తానన్నాడు. ఊళ్లో ఉన్నవి మూడు రేడియోలు. అయినా నేను వద్దనలేదు. సూటు కూడా అతని దగ్గరే ఉండిపోయింది, సంఘం వారు ఇప్పటికీ అడుగుతున్నారు.

గడప దాటుతూ అలవాటుగా, “మంచిది జహంగీర్, పోతున్న” అన్నాను. అన్న సంగతి కూడా నాకు తెలియలేదు. బండి ఎక్కాను, ఏసురత్నం ఇంజను స్టార్టు చేశాడు, వెనక పన్నెండు ఖాళీ కుర్చీలు వణికాయి. మూల మలుపు దగ్గరికి వచ్చేసరికి తెలిసింది.

బండి ఆపమన్నాను. ఎందుకని ఏసురత్నం అడగలేదు. దిగి, ఎండలో రెండు వీధులూ వెనక్కి నడిచాను. ఇద్దరూ చేట ముందే ఉన్నారు.

“ఏమన్న మర్షిపోయిన్రా సార్?” అన్నాడు జహంగీర్.

“ఔ, మర్షిపోయిన” అన్నాను. “పోయొస్త.”